జేబులో సీసా

మా పెదనాన్న సామ్యేలు గారికి ఎదురు చెప్పే మనిషి మా ఇంట్లో పుట్టలేదని అందరూ అనుకునేవారు. నేను పుట్టాను కదా, అది మర్చిపోయారు.

తొంభై ఎనిమిదిలో అమ్మ యలమంచిలి స్టేషన్లో రైలు దిగుతూ పడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. నర్సీపట్నం నర్సింగ్ హోమ్‌లో లోపల రాడ్డు వేస్తామన్నారు. మందులు మనమే బయట కొని తెచ్చివ్వాలి. పెదనాన్న తెచ్చారు. చీము పట్టకుండా వేసే యాంటీబయాటిక్ సూదిమందు షాపులో ఒక్క సీసాయే మిగిలిందట. దాన్ని మాత్రం నర్సుకివ్వకుండా చొక్కా జేబులో పెట్టుకుని కూర్చున్నారు.

"గాయమే నేదు, మందెందుకు? కోత పడ్డాక ఏయిద్దాం," అన్నారు.

దెబ్బ తగలకముందే పసుపు ఎవరు పెడతారని ఆయన వాదన. డాక్టరు కన్నారావు గారు బయటికొచ్చి ఓపిగ్గా చెప్పారు. కత్తి పడే వేళకే మందు రక్తంలో ఉండాలి, ఇనుము పెట్టి కుట్టేశాక లోపల చీము పడితే కాలే పోవచ్చు అన్నారు. పెదనాన్న బుద్ధిగా తలూపారు. జేబు మీద చెయ్యి మాత్రం తీయలేదు. మంచి మందు ముందే తగలేస్తామా అని వరండా అంతా వినేలా అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. థియేటరు తలుపుకి అడ్డంగా నిలబడి, సూది పడందే అమ్మను లోపలికి వెళ్ళనివ్వనన్నాను. పెద్దంతరం చిన్నంతరం లేదా అని ఆయన, లేదని నేను. స్ట్రెచర్ తోసేవాళ్ళు బిక్కమొహం వేసి చూస్తున్నారు.

కాపురానికొచ్చిన నాటి నుంచి బావగారి ముందు గొంతెత్తని అమ్మ, పడుకునే చెయ్యి చాచింది.

"కాలు నాది, బావగారూ. రేపు సీము పడితే మీరు మొయ్యరు. ఇలాగియ్యండి."

ఆయన ఇచ్చారు. నర్సు అక్కడికక్కడే నరానికి ఎక్కించింది. ఆ తర్వాతే తలుపు తెరిచారు.

మర్నాడు షాపులోకి ఆ మందు మళ్ళీ వచ్చింది. ఇక సూదులు చాలని డాక్టరు గారు అంటే, పది రోజులు పొడవాల్సిందేనని పెదనాన్న మళ్ళీ లేచారు. అమ్మ ఆయన వైపు చూసింది. కూర్చున్నారు.

చీము చుక్క లేకుండా గాయం మానింది. అమ్మ చేతికర్రతో మొదటిసారి చర్చికి వెళ్ళిన ఆదివారం, ఆడవాళ్ళ చాపలు దాటుకుంటూ పెద్దలు కూర్చునే ముందు బెంచీ దాకా నడిచింది. అక్కడ పెదనాన్న ఉన్నారు.

"కింద కూకోనేను. జరగండి, బావగారూ," అంది.

ఆయన జరిగారు.