కాళ్ళకు దారం కట్టిన కోడి

కోడిని కాగితంతో తడి లేకుండా అద్ది, వెన్నలో ఉప్పూ మిరియాలూ వెల్లుల్లీ కలిపి చర్మం కిందికి కూడా పట్టించి, రెండు కాళ్ళనూ కుట్టుదారంతో కలిపి కట్టింది. పుట్టింట్లోనే ఉండిపోయిన ఆవిడకు ఇరవై ఏళ్ళుగా ప్రతి ఆదివారం పని అదే. మిగతా ఆరు రోజులూ ముందుగదిలో మిషను మీద వీధిలోవాళ్ళ బట్టలు కుట్టేది.

ఓవెన్‌లో కాలిన కోడి పది నిమిషాలు ఆగి, లేచి, బల్ల మీద నడుచుకుంటూ వెళ్ళి ఇంటి యజమాని పళ్ళెంలో కూర్చునేది. ఎప్పుడూ తండ్రి పళ్ళెమే. దారిలో గ్లాసులు అడ్డమొస్తే పక్కకు జరిపేవాళ్ళు. కాళ్ళు రెండూ భోజనానికొచ్చిన కొడుకులకు. మెడా వీపూ ఆడవాళ్ళకు.

తండ్రి పోయాడు. ఇల్లెవరికో కాగితం రాయలేదు. "కోడి ఉండగా కాగితమెందుకు?" అనేవాడు. ఇల్లు నాదంటే నాదని కొడుకులు కొట్టుకుంటున్నారు. ఈ ఆదివారం తేలిపోవాలి.

ఓవెన్ మాత్రం లేదు. తండ్రి పోయిన మర్నాడే చిన్నవాడు ఎత్తుకుపోయాడు. అడిగితే తన పాత ఎయిర్ ఫ్రయ్యర్ తెచ్చి పడేశాడు.

"ఈ డబ్బాలో ముడుచుకుంటే దానికి కాళ్ళు తిమ్మిరెక్కవూ?" అన్నాడు పెద్దవాడు వంటింటి గుమ్మంలోంచి. "నడవలేకపోతే నీదే పూచీ."

"కిలో కోడే తెచ్చాను అన్నయ్యా. పడుతుంది."

"ఆ ఫ్రయ్యర్ నాది," అని హాల్లోంచి అరిచాడు చిన్నవాడు. "విశ్వాసముంటే నా దగ్గరికే వస్తుంది."

"నీ విశ్వాసం ఓవెన్ మోసుకుపోయినప్పుడే చూశాం లేరా!"

నూట ఎనభై డిగ్రీల మీద అరగంట. గంట మోగగానే ఆవిడ బుట్ట లాగి కోడిని తిరగేసింది. వెన్న చిటపటలాడింది. పెద్దవాడి భార్య లోపలికొచ్చి గొంతు తగ్గించింది.

"ఆ దారం తెంపకుండా ఇంకాస్త బిగించు. మా మరిది కుర్చీ దూరం. అడుగులు చిన్నవైతే మీ అన్నయ్య దగ్గరే ఆగిపోతుంది."

"మరీ బిగిస్తే అసలు కదలదు వదినా."

"నీకేం తల్లీ! ఎవరికొచ్చినా నువ్వు పోయేదానివేగా. కుట్టుమిషను ఎక్కడ పెడితే అక్కడ బతుకుతావు. గది ఖాళీ చెయ్యమని మీ అన్నయ్య చెప్పాడా, లేదా?"

"ఇద్దరూ చెప్పారు. వాళ్ళు ఒక్కమాట మీద ఉన్నది దాని మీదే."

మరో పాతిక నిమిషాలు. తొడ దగ్గర పొడిస్తే నీరు తేటగా వచ్చింది. కోడిని బల్ల మధ్యన పెట్టి, కత్తెరతో దారం తెంపి, తన పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ఎప్పట్లాగే వంటింటి స్టూలు మీద కూర్చుంది. పది నిమిషాలు హాల్లో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

కోడి లేచింది. పెద్దవాడి వైపు నడిచింది. అతను పళ్ళెం ముందుకు జరిపాడు. కోడి దాన్ని చుట్టి వెళ్ళింది.

"చూశావా!" అని చిన్నవాడు ఉప్పుడబ్బా తీసి దారిచ్చాడు. కోడి అతని మోచేతి పక్కనుంచి ఖాళీ కుర్చీ మీదికి, కుర్చీ మీంచి నేల మీదికి దిగింది. వెన్నచుక్కలు రాలుస్తూ వంటింట్లోకెళ్ళి ఆవిడ ఒళ్ళోని పళ్ళెంలో కూర్చుంది.

"దారి తప్పింది. కొత్త ఫ్రయ్యర్ కదా," అన్నాడు చిన్నవాడు.

"ఇన్నేళ్ళూ తప్పలేదుగా," అంది వదిన. భర్త కొరకొరా చూశాడు.

ఆవిడ ఆ పళ్ళెంతో వచ్చి తండ్రి కుర్చీలో కూర్చుంది. బట్ట కొలిచినట్టు కోడిని ఒకసారి చూసి కత్తెర అందుకుంది. మెడ పెద్దవాడి పళ్ళెంలో వేసింది. వీపు చిన్నవాడికి.

"ఇందులో తినడానికేముంది అక్కా?"

"వెతికితే దొరుకుతుందిరా. అలవాటు కావాలి. ఓవెన్ రేపు తెచ్చి పెట్టెయ్."

ఒక కాలు తను వేసుకుంది. రెండోది వదిన ముందు పట్టుకుంది. వదిన మొహం తిప్పుకుంది.

"తిను వదినా. నీ మీద ప్రేమేం లేదు నాకు. ఇరవై ఏళ్ళు మనిద్దరం ఒకే మెడ పంచుకున్నాం, అందుకని."

వదిన భర్త వైపు చూడలేదు. పళ్ళెం ముందుకు జరిపింది.