గుడ్డ చుట్టిన పిడి

మూడోసారి నీళ్లు మరిగాయి. చీటీలాయన కెటిల్ పిడి పట్టుకుని లెక్కపెట్టసాగాడు. ఆరు దగ్గర చెయ్యి చురుక్కుమంది. వదిలేసి వేళ్లు చెవి తమ్మెకు ఆనించుకున్నాడు. కూర్చున్నాడు, లేచాడు, కిటికీ దాకా వెళ్లి ఊరికే తిరిగొచ్చాడు. పొద్దున్నుంచి ఆయన కాలు ఒకచోట నిలవడం లేదు.

కెటిళ్ల కంపెనీలో, కొన్నవాళ్లు అభిప్రాయం రాసి పంపే చీటీలను వేరుచేయడం ఆయన పని. ముప్పై ఒక్కేళ్లుగా అదే గది, అదే బల్ల. బిల్లు నంబరో తేదీయో లేని చీటీ రద్దు బుట్టలోకి పోతుంది. 'బాగుంది' గడిలో టిక్కు పెట్టింది, కింద ఏం రాశారో చదవకుండానే మెచ్చుకోళ్ల పెట్టెలోకి పోతుంది. ఆ పద్ధతి పెట్టింది ఆయనే. అప్పట్లో శభాష్ అనిపించుకున్నాడు కూడా. ఇవాళ్టితో ఉద్యోగం ఆఖరు. పోయేవాడికి తొందరేముందని పెట్టెను ఒకసారి తిరగేశాడు, మనశ్శాంతి కాస్తా పోగొట్టుకున్నాడు.

"చాలా బాగుంది. పిడికి పాతగుడ్డ చుడితే చెయ్యి కాలదు" అని ఒకరు. "మా అత్తగారికి నచ్చింది. గుడ్డ మాత్రం మందంగా ఉండాలి" అని ఇంకొకరు. అన్నీ ఏడాది కిందట వచ్చిన ఉక్కు పిడి రకం గురించే. ఇలాంటివి పందొమ్మిది. రద్దు బుట్టలో పేరూ ఊరూ లేని చీటీ మీద ఒకే ముక్క: "పాపకి బొబ్బ."

తన ఇంట్లో పిడికీ నీలంగుడ్డ ఉందని అప్పుడు గుర్తొచ్చింది. ఏడాదిగా రోజూ ఆ గుడ్డ పట్టుకునే నీళ్లు వంచుకుంటున్నాడు. ఆగలేక భార్యకు ఫోన్ చేశాడు.

"ఆ గుడ్డ ఎందుకు చుట్టావు?"

"కాలుతుందిగా మరి."

"నాతో ఒక్కమాట అనొచ్చుగా."

"మీ కంపెనీ వస్తువుకి వంక పెడితే మీరు ముఖం మాడ్చుకుంటారు. గుడ్డతో పోయేదానికి గొడవెందుకని ఊరుకున్నా."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. చీటీలూ కెటిలూ పట్టుకుని మేనేజరు గదికి వెళ్లాడు. కుర్రమేనేజరు చీటీలు తిరగేసి చూశాడు.

"ఈ బొబ్బ చీటీకి నంబరే లేదు కదండీ. మిగతా అందరూ బాగుందనే అన్నారు. మీ పద్ధతే కదా ఇది."

"నా పద్ధతే సార్. తప్పు పద్ధతి పెట్టాను. ఫిర్యాదు పద్ధతిగా రాయడం వాళ్ల ఉద్యోగం కాదు. చదవడం నా ఉద్యోగం."

"రేపు పొద్దున్నే ఈ కెటిళ్ల లారీ బయల్దేరాలి. ఆఖరి రోజు మీకెందుకండీ ఈ తలనొప్పి?"

అంతలో మేనేజరుకు ఫోన్ వచ్చింది. చీటీలాయన కెటిల్‌ను మేనేజరు బల్ల మీద పెట్టాడు. కెటిల్లో నీళ్లు నింపి స్విచ్చి వేసి, అవి మరిగేలోగా పక్కన చీటీలు సర్దిపెట్టాడు. తన గది తాళంచెవి వాటి మీద పెట్టి బయటికొచ్చాడు. సాగనంపడానికి ఎవరూ లేరు, ఆయనా ఎదురుచూడలేదు.

మెట్ల దగ్గర మనసొప్పక వెనక్కి చూశాడు. అద్దం అవతల మేనేజరు ఫోన్‌లో మాట్లాడుతూనే టీ కోసం కప్పు ముందుకు లాక్కున్నాడు. మాట్లాడుతూనే జేబురుమాలు తీసి పిడికి చుట్టాడు. కెటిల్ ఎత్తాడు. మాట ఆగిపోయింది. కాసేపు తన చేతి వంకే చూసుకున్నాడు.

"మళ్లీ చేస్తానుండండి" అని ఆ ఫోన్ పెట్టేసి, గోదాముకు కలిపాడు. "రేపటి లారీ ఆపండి."

తెరిచి ఉన్న తలుపులోంచి చీటీలాయన ఆ మాట విన్నాడు. లోపలికి వెళ్లలేదు. కళ్లు తుడుచుకుని మెట్లు దిగిపోయాడు. బల్ల మీద కెటిల్ ఇంకా పొగలు కక్కుతోంది, పిడికి తెల్లటి జేబురుమాలు చుట్టి ఉంది.