తోమిన బిందె

తరిగొప్పుల దొర గడీలో ఇరవై ఏళ్లుగా పొయ్యి నాదే. ఈ ఎల్లక్క వంటకు వంక పెట్టిన మొదటి మనిషి హనుమకొండ ఫొటోల వెంకట్రాం. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్ల కోసం నిజాం పోలీసులు గుడిసె గుడిసె గాలిస్తుంటే, మా దొరసానికి వంటల పుస్తకం అచ్చు వేయించాలని ముచ్చట పుట్టింది. అందుకే అతన్ని పిలిపించింది.

"వంకాయలు సగమే ఉడకాలె అక్కా. బాగ ఉడికితే ఫొటోల ముడుచుకపోతయి," అన్నాడు. బగార అన్నం మీద కోడి ఈకతో పచ్చి నూనె పూశాడు. నా కడుపు మండిపోయింది.

"గిది ఎవడు తింటడయ్యా?"

"తినెటందుకు కాదక్కా, చూసెటందుకు."

అసలు నన్ను కుదురుగా నిలవనీయనిది వేరే ఉంది. సంఘంలో తిరిగే నా తమ్ముడు సోమనర్సయ్య, కాలికి తూటా తగిలి ఆ రోజు తెల్లారకముందే నా దగ్గరికి వచ్చాడు. దొర వంటింట్లో ఎవరు వెతుకుతారులే అని అటక మీద కుండల వెనక పడుకోబెట్టాను. ఫొటోలు ముందు సావడిలో తీస్తారనుకున్నాను. వెలుతురు ఇక్కడే బాగుందని ఈ మహానుభావుడు కెమెరా తెచ్చి వంటింట్లోనే నిలబెట్టాడు! వాకిట్లో ఇద్దరు పోలీసులు చుట్టలు కాలుస్తున్నారు. చేతులు ఊరుకోక, చింతపండుతో ఇత్తడి బిందెను తోమిందే తోమాను. వెంకట్రాం దాన్నే తీసి కూర పక్కన పెట్టాడు.

కెమెరా వెనక నల్లగుడ్డలో తల దూర్చి చూశాడు. ఎంతసేపటికీ తల తీయడే! అటకవైపు కన్ను పోకుండా నేను నేలనే చూస్తున్నాను.

"ఏంది గంతసేపు? జరుగు, నేను గూడ చూస్త," అంటూ పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్న దొరసాని లేచింది.

వెంకట్రాం గబుక్కున తల బయటపెట్టాడు. కెమెరాకు అడ్డంగా నిలబడ్డాడు. "జర ఆగుండ్రి దొరసానమ్మా. బిందె మెరుపు కొడుతున్నది, ఫొటో ఖరాబైతది. అక్కా, బిందె నిండ తడి పిండి పూయి."

"పొద్దటి సంది తోమిన గదయ్యా!"

"పూయమంటున్న గద!" అన్నాడు.

పిండి కలిపి, తిట్టుకుంటూ బిందె ముందు కూర్చున్నాను. అప్పుడు చూశాను. బిందె పొట్టలో నా ముఖం, నా నెత్తిమీద అటక, కుండల సందులోంచి తల బయటపెట్టిన నా తమ్ముడు. ముందు వాడి ముఖం మీద పూశాను, తర్వాత మిగిలిన బిందె అంతా.

దొరసాని గుడ్డలో తల పెట్టి, "అయ్యో, అన్నం తలకిందులున్నదేంది!" అని నవ్వింది. ఆ కెమెరాలో అన్నీ అలాగే కనిపిస్తాయట. ఫొటో అయ్యాక లోపలికి వెళ్లిపోయింది.

వెంకట్రాంకు విస్తరి వేసి, విడిగా దాచిన మంచి అన్నం, ఉడికిన కూర పెట్టాను. దండం పెడదామనుకున్నాను, చేతులు లేవలేదు. అతను సగం అన్నం పక్కకు తీశాడు.

"నాకు గింత చాలు అక్కా. గిది పైకి పంపు," అన్నాడు మెల్లగా. "బిందెల కనపడ్డప్పుడు ఆయన నన్ను చూస్తలేడు. అన్నం దిక్కే చూస్తుండు."

పొద్దుటి నుంచి పొయ్యి ఆర్పకుండా వండాను. నా తమ్ముడికి ఒక్క ముద్ద పెట్టలేదు.