శనగచేలో తెల్లచీర

కర్నూలు రాజధాని అయిన ఏటి చలికాలంలో ఒక తెల్లవారుజామున మద్దిలేటి శనగచేనికి పోయి, చేతిలో చెంబు గట్టు మీదే పారేసి ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మను చూసినా లీలా. అమ్మ తెల్లచీరే. మంచులో మొక్కల మీద పాకుతాండాది."

పొయ్యి ఊదుతున్న లీలావతి మొగుడి మొహం చూసి గొట్టం పక్కన పెట్టి లేచింది. అత్త నాగేశ్వరమ్మ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. కడుపునొప్పితో చివరి దినాల్లో ఆమెకు గంజి కూడా దిగలేదు. లీలావతే ఒళ్లో పడుకోబెట్టుకుని, గుడ్డ తడిపి పెదాలకు అద్దేది. అయినా శవం లేవకముందే ఆడబిడ్డ కమలాక్షమ్మ ఊరందరి ముందర తమ్ముణ్ణి నిలదీసి, "అమ్మను కడుపు మాడ్చి చంపినావు గదరా!" అంది. అమ్మ చీర ఒకటి చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. కింది వీధిలోనే ఉన్న అక్క గడప మద్దిలేటి మళ్లీ తొక్కలేదు.

అలాంటివాడు ఇప్పుడు పొద్దుగూకే వేళకు అమ్మకని సంగటిముద్ద తీసుకుపోయి చేని గట్టున పెట్టి వస్తున్నాడు. ఆళ్లగడ్డ సంతలో పక్కచేను వెంకటేశ్వర్లు ఊరుకోలేదు.

"ఏమప్పా, మీ అమ్మకు వట్టి సంగటేనా? నంజుకోను ఊరిబిండి పచ్చడేమన్నా నూరినావా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఇదివరకైతే చొక్కా పట్టుకునేవాడు. ఇప్పుడు తల వంచుకుని వచ్చాడు. సంతకు వెంట వచ్చిన లీలావతితో దారిలో అన్నాడు.

"అమ్మ ఆకలితోనే పోయిందేమో. అక్క అనిందే నిజమేమో. సంవత్సరీకానికి నేనే పోయి పిలుచుకొస్తా. కాళ్లయినా పట్టుకుంటా."

ఆ మాటకు లీలావతికి ప్రాణం లేచొచ్చింది. కానీ లోపల ముల్లు గుచ్చుకుంది. అత్త ఆకలితో తిరుగుతోందంటే, తడిగుడ్డ అద్దిన ఈ చేతులు ఏం చేసినట్టు? అంత మంచి మనిషిని దయ్యమంటే ఎట్లా ఒప్పుకునేది?

మరునాడు ఎండ రాకముందే చేనికి పోయింది. సంగటిముద్ద లేదు. అది పెట్టిన చోట కుక్క అడుగులున్నాయి. చేనంతా మంచు తళతళమంటోంది కానీ, మధ్యలో కొన్ని చారల్లో మాత్రం ఎవరో గుడ్డతో అద్దినట్టు ఆకులు పొడిగా ఉన్నాయి. తడి ఆకు ముట్టి వేలు నాకింది. శనగాకు పులుపు దిగిన మంచు పుల్లగా తగిలింది. ఆ చారల పక్కన నల్లరేగడిలో మడమలు దిగిన అడుగులు.

దయ్యానికి పులుపెందుకు?

ఆ మరుసటి తెల్లవారుజామున కందిసాళ్ల వెనక కూర్చుంది. కమలాక్షమ్మ వచ్చింది. అత్త చీరను మొక్కల మీద పరిచి మెల్లగా ఈడుస్తూ, తడిసినంతమేరా చెంబులోకి పిండుకుంటోంది.

"వదినా."

"ఓయమ్మో! నువ్వా అమ్మీ? గుండె ఆగిపాయ."

"మాకు ఆగి శానా దినాలాయ. ఏందీ ఇది?"

"మా ఆయనకు కడుపులో ఒకటే మంట. నంద్యాల డాక్టరు సీసాలకు తగ్గలా. ఈ పులుపు చుక్క నీళ్లలో ఏసిస్తే కాస్త కన్ను మూస్తాడు. ఈ పక్క శనగ ఏసింది మీరొక్కరే. అడిగితే నీ మొగుడు ఇస్తాడా?"

"అత్త చీరే కావాల్నా?"

"పాతది, మెత్తగుంది. మంచు బాగా పీలుస్తాది." కమలాక్షమ్మ చీర కొస పిండుతూ, "ఆ పొద్దు దుఃఖంలో నోరు జారినా. అమ్మకు గంజి దిగలేదని నాకు తెలీదా? నేనొచ్చేది మాత్రం వానికి చెప్పొద్దు" అంది.

లీలావతి ఇల్లు చేరేదాకా ఆలోచించింది. దయ్యం కోసం దిగివచ్చిన మనిషి, బావ జబ్బు వింటే, అక్క పశ్చాత్తాపం వింటే ఆగుతాడా? అన్నం పెడుతూ అంతా చెప్పేసింది.

మద్దిలేటి చేతిలో ముద్ద ఆగింది. "అయితే అమ్మ రాలేదా?"

"రాలేదు."

"అమ్మకు ఆకలి లేదు?"

"లేదు. నా చేతులతోనే కదా చూసుకున్నా."

చాలా దినాలకు అతని తల పైకి లేచింది. "ఇంకేంది మరి! నా తప్పేం లేదు." ఇంకో ముద్ద అడిగి వేయించుకున్నాడు.

"వదినను పిలుచుకొద్దామా?"

"ఎందుకు? ఊరందరి ముందర అనింది. ఒప్పుకునేది మాత్రం ఎవరూ లేని చేలోనా? మళ్లీ ఆడ కనపడితే కాళ్లిరగ్గొడ్తానని చెప్పు."

చచ్చిన అమ్మకు తల వంచినవాడు బతికున్న అక్కకు వంచలేకపోయాడు.

సంవత్సరీకం జరిగింది. కూతురి విస్తరి లేకుండానే జరిగింది. లీలావతి తానే పులుపు పిండి కింది వీధికి పంపితే, చెంబు నిండుగానే తిరిగొచ్చింది. "వాని చేని మంచు మాకొద్దు" అన్నారంట. ఆ ఇంటి పక్క నడిస్తే కమలాక్షమ్మ మొగుడి మూలుగు వినిపించేది.

చలి తగ్గకముందు ఒక తెల్లవారుజామున లీలావతి తన పెట్టెలోని తెల్లచీర తీసుకుని చేనికి పోయింది. అమ్మ మళ్లీ కనపడితే అతని తల మళ్లీ వంగుతుందేమోనని ఆశ. మొగుడు వచ్చే వేళ చూసుకుని, మొక్కల మీద పరిచి, తాను బాగా వంగి కనపడకుండా మెల్లగా ఈడ్చింది. మంచు దట్టంగా ఉంది. గట్టు మీద అడుగుల చప్పుడు ఆగింది. ఆమె ఇంకా కిందికి వంగింది.

"లీలా," అన్నాడు మద్దిలేటి, "గుడ్డ మెల్లగా లాగు. పూత రాలిపోతాది."

అని తన పనికి తాను పోయాడు.