ఆలస్యంగా నవ్వేవాడు

ఆ నవల అట్ట మీద పంటి నొప్పితో అరుస్తున్నట్టు ఒక మనిషి బొమ్మ ఉంటుంది. చేతిలో గిటారు లేకపోతే దంతవైద్యుడి ప్రకటన అనుకునేదాన్ని. రాక్ బ్యాండు మీద నవల అనగానే నా మొహం ముడుచుకుపోయింది. మా ఇంట్లో ఆ గోల చిన్నప్పటి నుంచీ ఉన్నదే. మా అన్నయ్య డ్రమ్ములు వాయిస్తాడు. డ్రమ్ములు కొనకముందు నా నెత్తి మీద వాయించేవాడు.

నవల ఇచ్చింది మా వదిన. ఆవిడది పుస్తకాల దుకాణం. అమ్ముడుపోనివి నాకు అంటగడుతుంది.

“చదువు. మీ అన్నయ్య లాంటి మొండిఘటాలు నలుగురున్నారు ఇందులో” అంది.

ఆ రోజుల్లో ఆవిడ అన్నయ్య మీద మండిపడుతూ ఉండేది. ఏం చెప్పినా పెడచెవిన పెడతాడని, తనంటే లెక్కే లేకుండా పోయిందని నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. నేను ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తాను. పొద్దస్తమానం జనం చెవులతో వేగి ఇంటికొచ్చాక మొగుడూపెళ్ళాల తగువులు వినే ఓపిక ఎక్కడిది?

అయిష్టంగానే మొదలుపెట్టాను. రెండో అధ్యాయం దాటేసరికి పొయ్యి మీద కూర మాడింది. ఎంత బాగా రాశాడో ఆ మహానుభావుడు! నలుగురు కుర్రాళ్ళు, ఒక డొక్కు వ్యాను. పేరుప్రతిష్ఠల సంగతి తర్వాత, వ్యానులో కిటికీ పక్క సీటు ఎవరిదన్న తగువుకే ఒక అధ్యాయం. అందులో ఒక్క మాట తీసేయడానికి లేదు. పాట ఎంతకీ కుదరక వాళ్ళు ఒకరినొకరు పీక్కుతింటుంటే మధ్యలో దూరి సర్దిచెప్పాలనిపించింది. పాటగాడు మాత్రం నోరు తెరిస్తే ఉపన్యాసమే. చివర్లో అందరినీ కలిపేసి కౌగిలింతలు పెట్టించడమూ నాకు నచ్చలేదు. అయినా అన్నం తింటూ చదివాను, బస్సులో చదివాను, దిగాల్సిన చోటు దాటిపోయి నన్ను నేను తిట్టుకుంటూ వెనక్కి నడిచాను.

అందులో బేస్ గిటారు వాయించేవాడొకడు ఉంటాడు. ఎవరు జోకేసినా అందరికంటే ఓ క్షణం ఆలస్యంగా నవ్వుతాడు. ఎందుకో రచయిత చెప్పడు. వ్యానులో ఒకసారి, హోటల్లో ఒకసారి, ఊరికే అలా అనేసి ముందుకు పోతాడు. వీడికి బుర్ర కాస్త మందమేమో అనుకున్నాను. సగం దాటాక ఒకచోట వ్యానులో లైటు పోతుంది. చీకట్లో ఎవడో జోకేస్తాడు. ముగ్గురూ పడీ పడీ నవ్వుతారు. వాడు నవ్వడు.

పుస్తకం మూసేశాను. వాడికి వినపడదు! ఇన్నాళ్ళూ పక్కవాళ్ళ మొహాలు చూసి నవ్వుతున్నాడు. ఆ వెంటనే మా అన్నయ్య గుర్తొచ్చాడు. మొన్న భోజనాల దగ్గర వదిన మీద నేనేసిన జోకుకి, అందరూ నవ్వాక నవ్వాడు. అంతకు ముందూ అంతే. రోజూ చెవులు పరీక్షించే నాకు కనపడనిదాన్ని, మా అన్నయ్యని ఎన్నడూ చూడని మనిషెవరో కాగితం మీద చూపించాడు. ఆ రచయిత ఎదురుగా ఉంటే దండం పెట్టేదాన్ని. భయం కూడా వేసింది. డ్రమ్ములు తప్ప అన్నయ్యకి ఇంకో లోకం లేదు.

మర్నాడు వదినను తోడు తీసుకుని అన్నయ్యను ఆసుపత్రికి లాక్కొచ్చాను.

“నా చెవులకేం వచ్చింది? నీకు పేషెంట్లు దొరక్కపోతే నేనే దొరికానా?” అని విసుక్కుంటూనే గాజు కిటికీ ఉన్న గదిలో కూర్చున్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టి చేతికి బటన్ ఇచ్చాను. నేను పంపే సన్నటి కూత చెవిలో వినపడినప్పుడల్లా నొక్కాలి. నొక్కితే ఇవతల నా బల్ల మీద దీపం వెలుగుతుంది.

కూత పంపాను. వెలిగింది. తగ్గించి పంపాను. వెలిగింది. ఇంకా తగ్గించాను. అన్నయ్య కళ్ళు మూసుకుని ఒక్కటీ వదలకుండా నొక్కుతున్నాడు.

“చూశావా, దొంగకి అన్నీ వినపడతాయి! నా మాటే వినపడదు” అంది నా పక్కన కూర్చున్న వదిన.

నా ప్రాణం లేచొచ్చింది. నవల చదివి లేనిపోని హడావిడి చేశాననుకున్నాను. అప్పుడు నా చేతి వంక చూసుకున్నాను. పేషెంటు ఊహించి నొక్కేయకుండా, మేము కూతకీ కూతకీ మధ్య ఎడం మారుస్తూ ఉండాలి. ఈ ఉద్యోగంలో మొదట నేర్పేదే అది. కంగారులో నేను అన్నీ సమంగా పంపుతున్నాను, అదీ డ్రమ్ములు వాయించే మనిషికి.

ఆపేశాను. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

దీపం వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగింది. ఎక్కడా లయ తప్పలేదు.

“అదేంటి, చెయ్యి తీసేశావు?” అంది వదిన.

“ఆపేశాను వదినా. ఎప్పుడో ఆపేశాను.”

వదిన దీపం వంకా, కిటికీ అవతల మొగుడి వంకా మార్చి మార్చి చూసింది. తర్వాత లేచి, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళాను. ఆవిడ భుజం తట్టేదాకా అన్నయ్య నొక్కుతూనే ఉన్నాడు. కళ్ళు తెరిచి, హెడ్‌ఫోన్లు తీసి, మా మొహాలు చూశాడు. బటన్ మీద వేలు ఆగిపోయింది.

వదిన అతని ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. పెదాలు కనపడేలా, మెల్లగా అడిగింది.

“నాతో ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే డ్రమ్ములు మానెయ్యమంటావని” అన్నాడు అన్నయ్య.