ఆకాశం రాయి, మూడు మూకుళ్లు

రాంచంద్ర జొన్నచేలో ఆ రాయి పడ్డప్పుడు, మబ్బు లేకుండానే పిడుగు పడ్డదని ఇబ్రహీంపట్నమంతా ఉలిక్కిపడింది. చూస్తే కొబ్బరికాయంత రాయి, ఎత్తితే దానికి రెండింతల బరువు. పైనుంచి వచ్చింది దేవుడు పంపిందేనని రాంచంద్ర భార్య మణెమ్మ దాన్ని పూజగూట్లో పెట్టింది. రోజూ చెంబెడు నీళ్లు పోసి, పసుపు రాసి, దండం పెట్టుకునేది.

పన్నెండో రోజు రాయి మీద ఎర్రటి చుక్కలు లేచాయి. తుడిస్తే పోయాయి, మర్నాటికి మళ్లీ వచ్చాయి.

మణెమ్మ ఆడబిడ్డ లక్ష్మమ్మ ఆ ఇంటికి పెద్దదిక్కు. ఆ చుక్కలు చూసి చెంపలు వేసుకుంది. దేవుడు నెత్తురు కారుస్తున్నాడంది. కొత్తకోడలు వజ్రమ్మ ముట్టురోజుల్లో తాకి ఉంటుందంది. తాకలేదని ఆ పిల్ల ఎంత చెప్పినా వినలేదు. అమావాస్యలోగా పుట్టింటికి పంపకపోతే పెద్దమనుషుల్ని పిలుస్తానంది. అమావాస్య ఇంకా ఐదు రోజులుంది.

మణెమ్మ ఆ ఎరుపును వేలితో రుద్ది వాసన చూసింది. వానకు తడిసిన కొడవలి వాసన. దేవుడు చెప్పని మాట మనం చెప్పించడం భక్తి అవుతుందా అనుకుంటూ బడికి నడిచింది. ఆ రాయి ఎట్లా ఉందో రాసి పంపమని బడిపంతులు నజీరుద్దీన్‌కు పట్నం నుంచి కాగితం వచ్చిందని ఆమె విన్నది.

ఆయన సూదంటురాయి జేబులో వేసుకుని ఆమె వెంట ఇంటికి వచ్చాడు. మణెమ్మ చెప్తుంటే రాసుకున్నాడు: పైన మాడిన రొట్టెలా పల్చని నల్ల పొర, బొటనవేలితో నొక్కినట్టు గుంటలు. పడ్డప్పుడు అంచు విరిగినచోట లోపల బూడిదరంగు, జొన్నగింజల్లా గుండ్రని పలుకులు, వాటి మధ్య మెరిసే రవ్వలు. సూదంటురాయి దానికి టక్కున అతుక్కుంది.

"ఇనుమున్నదక్కా," అన్నాడు.

సాబు జేబులో రాయి సాక్ష్యం తనకెందుకని లక్ష్మమ్మ మంచం మీదనుంచే మూతి తిప్పింది.

మణెమ్మ మూడు మూకుళ్లు తెచ్చి ఆ మంచం ముందే వరసగా పెట్టింది. ఒకదాంట్లో సానబట్టిన కొడవలి, ఒకదాంట్లో ఆకాశం రాయి నుంచి విరిగిన ముక్క, మూడోదాంట్లో ఊరి గుట్ట మీది రాయి.

"నీళ్లు నువ్వే పొయ్యి వదినె, నీ చేత్తోనే. మూడొద్దులు కావలి నువ్వే ఉండు. దేవుని పేరు మీద అబద్ధం నిలవొద్దు."

లక్ష్మమ్మ పోసింది. మూడు రోజులు మంచం దిగితే ఒట్టు. వజ్రమ్మను ఆ పక్కకే రానివ్వలేదు.

నాలుగో పొద్దున అందరూ వంగి చూశారు. గుట్ట రాయి ఉన్నట్టే ఉంది. కొడవలి ఎర్రబడింది. ఆకాశం రాయి ముక్క మీదా అదే ఎరుపు.

"కొడవలికి ముట్టు ఎవరంటించిన్రు వదినె?" అని మెల్లగా అడిగింది మణెమ్మ.

లక్ష్మమ్మ రాయి ముక్క మీది ఎరుపును వేలితో రుద్ది వాసన చూసింది. "మరి నీళ్లు పొయ్యకుంటె పూజెట్ల?" అంది.

"కొడవలికేం జేస్తం? తుడిసి నూనె రాస్తం."

నజీరుద్దీన్ కాగితంలో చివరి గడి నింపాడు: రకం: రాయి; లోపల ఇనుప రవ్వలు కలవు. ముక్కను గుడ్డలో చుట్టి పట్నం పంపడానికి తీసుకున్నాడు.

మణెమ్మ నూనెగుడ్డను కోడలి చేతిలో పెట్టింది. పూజగూటికి దారి మంచం పక్కనుంచే. వజ్రమ్మ ఆగి పెద్దామె ముఖం చూసింది.

లక్ష్మమ్మ కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చింది.