నలభై మూడో పేజీ

నేను ఒక సి లాంగ్వేజ్ నోట్సును. అమీర్‌పేటలో, రెండో అంతస్తు కోచింగ్ సెంటర్లో జోగినాథం సారు స్వయంగా రాసిన అసలు ప్రతిని. నా జిరాక్సులనే స్పైరల్ బైండింగ్ చేయించుకుని పద్దెనిమిదేళ్లుగా పిల్లలు చంకన పెట్టుకు తిరిగారు. సారు దస్తూరీ అంటే ముత్యాలే. ఆ ముత్యాలు నాకొక్కదానికే అనుకున్నాను, పిచ్చిదాన్ని.

మొన్న సారు కొత్త నోటుపుస్తకం తెరిచారు. రస్ట్ అట, కొత్త ప్రోగ్రామింగ్ భాష! నా ఒళ్లు భగ్గుమంది.

ఈ నిప్పు పెట్టింది ఫర్హానా. ఒకప్పుడు నన్ను చదివే ఉద్యోగం తెచ్చుకుంది, ఇప్పుడు పక్క గదిలో రస్ట్ చెబుతోంది. ఇక్కడ మొదటిరోజు డెమో క్లాసు ఉచితం. నచ్చితే పిల్లలు ఉంటారు, లేకపోతే ఎదుటి సెంటర్ మెట్లెక్కుతారు. ఈసారి సారు డెమోకి నలుగురొచ్చారు. ఆమె గది గుమ్మందాకా నిండింది. "ఈ నెల పదిమంది చేరకపోతే సి బ్యాచ్ ఎత్తేస్తాం సార్" అనేశాడు సెంటర్ ఓనరు. సారుకు మరో విద్య రాదాయె.

"అందులో అంత గొప్పేముందమ్మా?" అని సారు ఫర్హానానే అడిగారు. దాని లోపాలు వినాలని నేనూ చెవులు రిక్కించాను.

"జాబ్స్ ఇంకా తక్కువే సార్. నేర్చుకోవడం కష్టం, కంపైల్ అవడం లేటు. కానీ ఆపరేటింగ్ సిస్టమ్స్ లోపలికి కూడా వచ్చేస్తోంది. సి ఎక్కడికీ పోదు, కొత్తగా రాసేవి మాత్రం ఇటు మళ్లుతున్నాయి. మీ నలభై మూడో పేజీ ప్రోగ్రామ్ ఇందులో రాసి చూడండి."

నలభై మూడంటే నా గర్వం. ఆమె సాయంతో సారు రాశారు. ప్రోగ్రామును సరిచూసే కంపైలర్ ఒప్పుకోలేదు. మార్చి రాశారు, మళ్లీ ఒప్పుకోలేదు. ఎంత పొగరు! మా సారును తప్పు పట్టడానికి అదెవరు?

"మెమరీ వదిలేశాక మళ్లీ దాన్నే వాడుతున్నారు సార్. ఖాళీ చేసిన ఇంట్లో సామాను వెతికినట్టు. సి చూసీ చూడనట్టు పోతుంది, ఇది ఊరుకోదు. ఇంటర్వ్యూలో నేనిదే రాస్తే, 'జోగినాథం గారి స్టూడెంటా?' అని నవ్వారు."

సారు కలం కింద పెట్టారు. "ఇన్నేళ్లు ఒక్కరూ చెప్పలేదేంటమ్మా?"

"మీ దస్తూరీలో తప్పు కూడా అందంగా ఉంటుంది సార్."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. సారు బ్లేడు తీసుకుని నా నలభై మూడో పేజీ కోశారు, కొత్త పుస్తకం మొదటి పేజీలో అంటించారు. కింద ఎర్ర సిరాతో, 'ఇది నా తప్పు. ఇక్కణ్నుంచే మొదలుపెడదాం' అని రాశారు. మర్నాటి డెమోలో, ఫర్హానా పక్కన నిలబడి, పిల్లలకు ముందు అదే చూపించారు. ఒక్కరూ లేచి వెళ్లలేదు. ఇప్పుడు సి, రస్ట్ కలిపి ఒకే బ్యాచ్.

నన్ను బీరువాలో పెట్టారు. ఆ కొత్తదంటే ఇప్పటికీ నాకు కడుపుమంటే. అయితేనేం, దాని జిరాక్సులు కొన్నవాళ్లంతా మొదటి పేజీలో ముందు చదివేది నన్నే.